చాంటిల్లీకి ఇటూ అటూ: అమెరికా శివారు కౌంటీలో 911 కాల్ నిమిషాలు ఎక్కడ పోతున్నాయి?

వర్జీనియాలో రూట్ 50 మీద పడమటికి వెళ్తుంటే చాంటిల్లీ దాటగానే సౌత్ రైడింగ్ వస్తుంది. ఉత్తరాల మీద సౌత్ రైడింగ్ ఇళ్లకు కూడా చాంటిల్లీ అనే రాస్తారు. రెండుచోట్లా తెలుగువాళ్లు బాగా ఉన్నారు. కరివేపాకు కొనుక్కునే కొట్టు ఒకటే, పిల్లల్ని దింపే సంగీతం క్లాసూ ఒకటే. అయితే రాత్రి ఒంటిగంటకు ఎవరో తలుపు బాదుతున్నారని ఇక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేస్తే మాత్రం లెక్క మారిపోతుంది. ఇటువైపు ఇంటికి వచ్చేది కౌంటీ (మన జిల్లా లాంటిది) బోర్డు నియమించిన చీఫ్ కింద పనిచేసే పోలీసు. అటువైపు ఇంటికి వచ్చేది జనం ఓట్లేసి గెలిపించిన షెరీఫ్ పంపిన డెప్యూటీ. రెండిళ్ల మధ్య ఉన్నది ఫెయిర్‌ఫాక్స్, లౌడన్ కౌంటీల సరిహద్దు గీత. పటంలో తప్ప నేల మీద అది ఎవరికీ కనిపించదు.

వాషింగ్టన్ శివార్లలోని ఈ రెండు కౌంటీలూ అమెరికాలో బాగా కలిగినవాటి కింద లెక్క. బళ్లకు, రేడియోలకు, శిక్షణకు కొదవ లేదు. అయినా ఆపద వేళ నిమిషాలు పోతూనే ఉంటాయి. రోడ్డు మీద ట్రాఫిక్‌ను తిట్టుకుంటాం గానీ, చాలా నిమిషాలు చక్రం కదలకముందే, ఒక ఆఫీసు పని ముగిసి ఇంకో ఆఫీసు పని మొదలయ్యే అతుకు దగ్గర జారిపోతాయి. డబ్బేమో కంటికి కనిపించే ఎర్రటి ఫైరింజన్‌కే సులువుగా దొరుకుతుంది.

ముందు ఈ అతుకులు ఎలా ఏర్పడ్డాయో చూడాలి. మన దగ్గర స్టేషన్ ఎస్సై నుంచి డీజీపీ దాకా ఒకే తాడు. అమెరికాలో అలాంటి తాడు లేదు. దేశం మొత్తం మీద దాదాపు 18 వేల పోలీసు సంస్థలున్నాయి, ఎవరి జీతాలు వారివి, ఎవరి యజమాని వారికి. 2020 జనాభా లెక్కల ప్రకారం ఫెయిర్‌ఫాక్స్‌లో ఉన్నది 11.5 లక్షల మంది, విస్తీర్ణం సుమారు 1,000 చదరపు కిలోమీటర్లు. ఇక్కడి పోలీసు శాఖ 1940లో పుట్టింది. ఇప్పుడు తొమ్మిది డిస్ట్రిక్ట్ స్టేషన్లు. ఇదే కౌంటీలో షెరీఫ్ కూడా ఉన్నారు, అదీ ఎన్నికైన పదవే. కానీ ఆ కార్యాలయం చూసేది జైలు, కోర్టు భద్రత, సమన్లు అందించడం. గస్తీ తిరగదు. గీత దాటి లౌడన్‌లోకి వెళ్తే జైలు, గస్తీ, దర్యాప్తు అన్నీ షెరీఫ్‌వే. అక్కడ కూడా విడిగా పోలీసు శాఖ పెట్టాలన్న చర్చ నడిచింది. అయితే వర్జీనియా చట్టం ప్రకారం బోర్డు తీర్మానం ఒక్కటే చాలదు, ప్రజాభిప్రాయ సేకరణ జరిగి తీరాలి.

పైగా వర్జీనియాలో 95 కౌంటీలతో పాటు 38 స్వతంత్ర నగరాలున్నాయి. ఫెయిర్‌ఫాక్స్ నగరం చుట్టూ ఫెయిర్‌ఫాక్స్ కౌంటీయే ఉంటుంది గానీ, చట్టం దృష్టిలో ఆ నగరం కౌంటీలో భాగం కాదు. దాని పోలీసులు, ఫైర్ వేరు. ఫాల్స్ చర్చ్ నగరానికి పోలీసులున్నారు, ఫైర్ సేవలు మాత్రం పక్కనున్న ఆర్లింగ్టన్ కౌంటీ నుంచి వస్తాయి. హెర్న్‌డన్, వియన్నా పట్టణాలకు సొంత పోలీసులు, ఫైర్ మాత్రం కౌంటీది. ఇంటర్‌స్టేట్ 66 మీద ప్రమాదం జరిగితే కేసు రాసేది స్టేట్ పోలీసులు. డల్లెస్ విమానాశ్రయానికి వెళ్లే యాక్సెస్ రోడ్డు మీదైతే విమానాశ్రయాల అథారిటీ పోలీసులు. మెట్రో రైలెక్కితే మెట్రో పోలీసులు. పొటోమాక్ ఒడ్డునున్న జార్జ్ వాషింగ్టన్ పార్క్‌వే మీద ఫెడరల్ ప్రభుత్వపు పార్క్ పోలీసులు.

వీటికి తోడు తపాలా శాఖ పెట్టిన తిరకాసు ఒకటుంది. చిరునామాలోని ఊరి పేరుకూ పాలించే ప్రభుత్వానికీ సంబంధం ఉండదు. చిరునామాలో అలెగ్జాండ్రియా అని ఉన్న వేలాది ఇళ్లు అలెగ్జాండ్రియా నగరంలో లేవు, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఉన్నాయి. కౌంటీలోని అతిపెద్ద ట్రామా కేంద్రమైన ఇనోవా ఫెయిర్‌ఫాక్స్ ఆస్పత్రి చిరునామాలో ఉండేది ఫాల్స్ చర్చ్, ఆస్పత్రి మాత్రం ఆ నగరం హద్దుకు బయటే. "నేను అలెగ్జాండ్రియాలో ఉన్నాను" అన్న మాట ఫోన్ ఎత్తినవారికి సమాచారం ఇవ్వడం మాట అటుంచి, ఇంకో ప్రశ్న అడిగే పని పెడుతుంది.

ఫోన్ మోగిన గది

911 నొక్కగానే మాట ఎక్కడికి వెళ్తుందో నిర్ణయించేది చాలాకాలంగా సెల్ టవర్. ఫోన్‌కు సిగ్నల్ ఇచ్చిన టవర్ ఏ దిక్కుకు తిరిగి ఉందో దాన్ని బట్టి కాల్ ఒక కేంద్రానికి పోతుంది. సరిహద్దు దగ్గరున్న ఇంటికి పక్క కౌంటీ టవర్ బలంగా అందితే, కాల్ పక్క కౌంటీ కేంద్రంలో మోగుతుంది. అక్కడివారు చిరునామా విని, తమది కాదని తెలుసుకుని, అసలు కేంద్రానికి మళ్లిస్తారు. అక్కడ ప్రశ్నలు మళ్లీ మొదటినుంచి. గుండె ఆగిన మనిషికి సీపీఆర్ అందకపోతే నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున బతికే అవకాశం తరిగిపోతుంది. ఆ లెక్కలో ఒక్క మళ్లింపు ఖరీదు ఎంతో ఊహించుకోవచ్చు. టవర్‌ను బట్టి కాకుండా ఫోన్ ఉన్న చోటును బట్టి కాల్‌ను పంపాలని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్‌సీసీ, 2024 జనవరిలో నిబంధన తెచ్చింది. మంచి పనే, కాస్త ఆలస్యంగా జరిగింది.

ఫోన్ ఎత్తడానికీ ఒక ప్రమాణం ఉంది. 911 కేంద్రాల జాతీయ సంఘం లెక్క ప్రకారం నూటికి 90 కాల్స్ 15 సెకన్లలోపు ఎత్తాలి. రాత్రి మూడింటికి అది తేలిక. వాషింగ్టన్ చుట్టూ తిరిగే బెల్ట్‌వే రింగ్‌రోడ్డు మీద ఒక లారీ బోల్తా పడితే మాత్రం దాటిపోయే ప్రతి కారులోంచీ ఒక ఫోన్ వస్తుంది. ఒకే ప్రమాదం గురించి అరవై మంది చెబుతుంటే, అదే నిమిషంలో ఇంట్లో కుప్పకూలిన మనిషి కోసం వచ్చిన అరవై ఒకటో కాల్ వరుసలో నిలబడుతుంది. దీనికి మందు మనుషులే. కుర్చీ దగ్గర మనిషి లేకపోతే ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ పెట్టినా అది మోగుతూనే ఉంటుంది.

ఎత్తినవారు మొదట అడిగేది ఏమైందని కాదు, ఎక్కడున్నారని. లైన్ తెగిపోయినా చిరునామా ఉంటే బండి కదులుతుంది. ఆ తర్వాత ఫోన్ నంబరు, ఆ పైన విషయం. స్పృహ ఉందా, ఊపిరి తీసుకుంటున్నారా అనే రెండు ప్రశ్నలతో కేసు తీవ్రత తేలుతుంది. చాలామంది ఇక్కడే చిరాకు పడతారు, "ప్రశ్నలెందుకు, ముందు పంపండి" అంటారు. నిజానికి అడుగుతున్నవారు టైప్ చేస్తుంటే పక్క కుర్చీలో ఇంకొకరు బండిని అప్పటికే పంపేసి ఉంటారు. ప్రశ్నలు బండిని ఆపడానికి కావు, ఏ బండి, ఎంతమంది, సైరన్‌తోనా లేకుండానా అన్నది తేల్చడానికి. ఊపిరి లేదంటే ఫోన్‌లోనే సీపీఆర్ చెప్పిస్తారు: ఛాతీ మధ్యలో రెండు అంగుళాల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి నేల మీద పెట్టాలి. మంచం మీద చేస్తే పరుపు దిగుతుంది, ఛాతీ దిగదు.

తెలుగు ఇళ్లలో అసలు చిక్కు పగటిపూట. కొడుకు, కోడలు ఆఫీసులో ఉంటారు. ఇంట్లో ఉండేది ఆరు నెలల కోసం వచ్చిన అమ్మానాన్నలు. వేలికి అలవాటైన 108 ఇక్కడ పనిచేయదు. 911 చేసి "తెలుగు" అన్న ఒక్క మాట స్పష్టంగా అంటే చాలు, అనువాదకుణ్ని మూడో మనిషిగా లైన్‌లోకి తెస్తారు. దానికి కొంత సమయం పడుతుంది. కాబట్టి చిరునామా ఒక్కటీ ఇంగ్లిష్‌లో చదివి చెప్పగలిగితే ఆ ఆలస్యంలోనే బండి బయల్దేరుతుంది. ఇంటి నంబరు, వీధి పేరు, అపార్ట్‌మెంట్ అయితే బిల్డింగ్ నంబరు, గేటు కోడ్, కౌంటీ పేరు పెద్ద అక్షరాలతో ఫ్రిజ్ మీద అంటించాలి. పక్కనే తెలుగు లిపిలోనూ రాయాలి.

ఇండియా నుంచి తెచ్చిన ఫోన్‌లో అమెరికా సిమ్ లేకపోయినా, అసలు సిమ్మే లేకపోయినా 911 కలుస్తుంది. కానీ సర్వీసు లేని ఆ ఫోన్‌కు కేంద్రం తిరిగి ఫోన్ చేయలేదు. లైన్ తెగితే మళ్లీ మనమే చేయాలి. వైఫై కాలింగ్‌లో ఇంకో మెలిక: సిగ్నల్ లేని బేస్‌మెంట్‌లోంచి చేస్తే కేంద్రానికి కనిపించేది ఫోన్ సెట్టింగుల్లో ఎప్పుడో నమోదు చేసిన చిరునామా కావచ్చు. ఇల్లు మారి రెండేళ్లయినా ఆ గడిని మార్చనివాళ్లే ఎక్కువ.

ఇక్కడ ఒక పిట్టకథ. ఇండియాకు ఫోన్ చేసేటప్పుడు ముందు 011, తర్వాత 91 కొట్టాలి. ఆ 011 మరిచిపోయి ఢిల్లీ కోడ్ 11 కొడితే వరుసగా 9, 1, 1 పడుతుంది! హైదరాబాద్ కోడ్ 40 కాబట్టి మనవాళ్లకు ఆ బెడద తక్కువ. పొరపాటున కలిసినా పెట్టేయకూడదు. పొరపాటని చెప్పి పెట్టాలి. పెట్టేస్తే వాళ్లు తిరిగి చేస్తారు, ఎత్తకపోతే పోలీసును పంపాల్సి రావచ్చు.

ఈ గది ఎంత గట్టిదైనా దానికి వచ్చే తీగ బలహీనమైతే ఏమవుతుందో 2012 జూన్ 29 రాత్రి తెలిసింది. డెరెచో అనే గాలివాన ఆ రాత్రి ఉత్తర వర్జీనియాను కుదిపేసింది. మర్నాడు ఉదయానికి ఫెయిర్‌ఫాక్స్ 911 మూగబోయింది. కేంద్రానికి ఏమీ కాలేదు, సిబ్బంది కుర్చీల్లోనే ఉన్నారు. కాల్స్‌ను మోసుకొచ్చే వెరైజన్ సంస్థకు ఆర్లింగ్టన్, ఫెయిర్‌ఫాక్స్‌లలో ఉన్న టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో కరెంటు పోయింది. ఒక్కో చోట రెండేసి జనరేటర్లున్నా ఒక్కోటి స్టార్ట్ కాలేదు. బ్యాటరీలు కాసేపు లాగి చేతులెత్తేశాయి. ఎఫ్‌సీసీ విచారణలో తేలిందేమిటంటే ఆరు రాష్ట్రాల్లో 77 కేంద్రాలు దెబ్బతిన్నాయి, చాలావరకు నివారించగలిగిన నష్టమే. ఆ మరుసటి ఏడాది, 911 కాల్స్ మోసే కంపెనీలు బ్యాకప్ కరెంటు, ప్రత్యామ్నాయ తీగల సంగతి ఏటా ధ్రువీకరించాలన్న నిబంధన వచ్చింది. కౌంటీ కొన్న ఫైరింజన్లన్నీ ఆ ఉదయం షెడ్లలో సిద్ధంగానే ఉన్నాయి. పిలిచే దారే లేదు.

గుండెనొప్పికి ఫైరింజన్ ఎందుకొస్తుంది?

కొత్తగా వచ్చిన ప్రతి తెలుగువాడూ అడిగే ప్రశ్న ఇది. నాన్నకు ఛాతీలో నొప్పి అంటే నిచ్చెనలు, నీళ్లు ఉన్న ఎర్రబండి వస్తుంది. జవాబు లెక్కలో ఉంది. ఇక్కడ ఫైర్ శాఖకు వచ్చే కాల్స్‌లో అత్యధికం వైద్యానికి సంబంధించినవే, మంటలు కొద్ది. అంబులెన్సులు ఆస్పత్రికి వెళ్లి రోగిని అప్పగించి తిరిగి రావడానికి గంట పైనే పడుతుంది. ఇంజిన్ మాత్రం తన వీధుల్లోనే ఉంటుంది. అందులో పారామెడిక్, గుండెకు షాకిచ్చే యంత్రం, మందులు ఉంటాయి. నలుగురు మనుషులు కూడా కావాలి: ఒకరు ఛాతీ నొక్కాలి, ఒకరు గాలి అందించాలి, ఒకరు మందు ఎక్కించాలి, ఒకరు మెట్ల మీంచి కిందికి దించే దారి చూడాలి.

మన 108తో పోల్చి చూస్తే రెండు వ్యవస్థల సుగుణాలూ లోపాలూ అద్దంలోలా కనిపిస్తాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108కు జిల్లా సరిహద్దు అడ్డం రాదు. రాష్ట్రం మొత్తానికీ ఒకే కేంద్రం, ఏ బండి ఎక్కడుందో ఒకే తెర మీద. అమెరికాలో 911 కేంద్రాలు దాదాపు 6 వేలు ఉన్నాయి, ఎవరి తెర వారిది. అయితే మన దగ్గర పక్క వీధిలోనే ఫైర్ స్టేషన్ ఉన్నా గుండెపోటుకు అక్కడి సిబ్బంది కదలరు, ఆ పని వారిది కాదు. ఇక్కడ కదులుతారు.

ఫైర్ విషయంలో ఉత్తర వర్జీనియా ఈ అతుకును చాలావరకు కుట్టేసింది. ఆర్లింగ్టన్, అలెగ్జాండ్రియా, ఫెయిర్‌ఫాక్స్ 1970ల నుంచే ఒక ఒప్పందంలో ఉన్నాయి. ఇల్లు ఎవరి హద్దులో ఉందన్నది చూడరు, దగ్గరున్న బండి వెళ్తుంది. బండ్ల నంబర్లు కూడా కలిపి రాసుకున్నారు. ఆర్లింగ్టన్‌వి వందల్లో, అలెగ్జాండ్రియావి రెండు వందల్లో, ఫెయిర్‌ఫాక్స్‌వి నాలుగు వందల్లో, లౌడన్‌వి ఆరు వందల్లో. రేడియోలో "ఇంజిన్ 404" అంటే అది ఫెయిర్‌ఫాక్స్ నాలుగో స్టేషను, హెర్న్‌డన్ అని అందరికీ తెలుసు. గొట్టాల బిగింపులు, మాటల పద్ధతి, మంట దగ్గర ఎవరు ఏ వైపు వెళ్లాలన్న క్రమం కూడా ఒకటే చేసుకున్నారు. పోలీసుల్లో ఇలాంటిది లేకపోవడానికి కారణం సాంకేతికం కాదు. మంటకు అధికార పరిధి ఉండదు, అరెస్టుకు ఉంటుంది.

మంట సంగతిలో నిమిషాల లెక్క నిర్దాక్షిణ్యంగా ఉంటుంది. పాతకాలపు చెక్క, నూలు సామాన్లున్న గదిలో మంట గది నిండా అంటుకోవడానికి అరగంట దాకా పట్టేది. ఫోమ్ సోఫాలు, ప్లాస్టిక్ సామాన్లున్న నేటి హాలులో ఐదు నిమిషాల లోపే అయిపోతుందని ప్రయోగాల్లో తేలింది. అగ్ని రక్షణ జాతీయ సంఘం ఎన్ఎఫ్‌పీఏ పెట్టిన 1710 ప్రమాణం చూస్తే, మంట కాల్ వచ్చాక సిబ్బంది దుస్తులు వేసుకుని బండెక్కడానికి 80 సెకన్లు, మొదటి ఇంజిన్ దారిలో గడపాల్సింది 240 సెకన్లు. రెండూ కలిపితేనే ఐదు నిమిషాల ఇరవై సెకన్లు. ఫోన్ ఎత్తడం, చిరునామా తేల్చడం ఇంకా ఇందులో కలపలేదు. అంటే వ్యవస్థ తు.చ. తప్పకుండా నడిచినా మొదటి గదిని కాపాడటం కష్టం. కాపాడేది పక్క గదులను, పై అంతస్తును. ఇంట్లోవారు బయటపడి వెనక తలుపు మూసిన అలవాటు ఆ ఐదు నిమిషాల్లో ఫైరింజన్ కంటే ఎక్కువ పనిచేస్తుంది.

నలుగురు ఎందుకన్న దానికి కార్మిక భద్రతా నిబంధన ఒకటుంది. పొగలోకి ఇద్దరు వెళ్తే, వారిని లాక్కురావడానికి ఇద్దరు బయట సిద్ధంగా ఉండాలి. ముగ్గురే ఉన్న ఇంజిన్ ముందుగా వస్తే, లోపల మనిషి ఉన్నాడని తెలిస్తే తప్ప రెండో బండి కోసం ఆగాలి. బడ్జెట్ పట్టికలో నాలుగో మనిషి ఒక అంకె. వీధిలో ఆ నాలుగో మనిషే, లోపలికి వెళ్లడానికీ గుమ్మంలో నిలబడటానికీ మధ్య తేడా.

ఇక నీళ్లు. ఇంజిన్ తొట్టెలో ఉండేది సాధారణంగా 500 గ్యాలన్లు. ఒక్క గొట్టం నిమిషానికి 150 గ్యాలన్లు చిమ్మితే మూడు నిమిషాల ఇరవై సెకన్లలో ఖాళీ. ఆలోగా వీధి పక్కనుండే ఫైర్ కుళాయి, అంటే హైడ్రెంట్, కలపాలి. అందుకే వర్జీనియాలో హైడ్రెంట్‌కు 15 అడుగుల లోపు కారు పెట్టడం చట్టవిరుద్ధం. పండగ భోజనాలకు టౌన్‌హౌస్ వీధిలో రెండు వైపులా కార్లు నింపేసేవాళ్లకు ఈ అంకె గుర్తుండాలి. గ్రేట్ ఫాల్స్ లాంటి చోట్ల ఎకరాల్లో ఇళ్లు, బావుల నీళ్లు, చాలా వీధుల్లో హైడ్రెంట్లే ఉండవు. అక్కడికి ట్యాంకర్లు వంతులవారీగా నీళ్లు మోయాలి. కౌంటీలో ఖరీదైన ఇళ్లలో కొన్ని నీటి లెక్కలో పల్లెటూరి ఇళ్లే.

2024 ఫిబ్రవరి 16 రాత్రి లౌడన్‌లోని స్టెర్లింగ్‌లో గ్యాస్ వాసన వస్తోందని పిలిస్తే వెళ్లిన ఫైర్ సిబ్బంది లోపలుండగానే ఇల్లు పేలింది. ఒక స్వచ్ఛంద ఫైర్‌ఫైటర్ చనిపోయాడు, ఎందరో గాయపడ్డారు. పెరట్లో భూమిలో పాతిన ప్రొపేన్ ట్యాంకు లీకైంది. ప్రొపేన్ గాలి కంటే బరువు. పైకి పోదు, నేలను పట్టుకుని పాకి బేస్‌మెంట్‌లో చేరుతుంది. దానికి కలిపే వాసనను మట్టి పీల్చేయగలదు, కాబట్టి వాసన తగ్గింది కదా అని ధైర్యపడటానికి లేదు. వాసన వస్తే లైటు స్విచ్ వేయకూడదు, తీయకూడదు. బయటికి నడిచి, దూరం వెళ్లాక 911 చేయాలి.

ఒక గస్తీ కారు, ఐదుగురు మనుషులు

పోలీసుల సంఖ్య మీద చర్చలన్నీ తప్పు అంకెతో మొదలవుతాయి. గస్తీ కారులో ఒక సీటు ఏడాది పొడవునా, రాత్రీపగలూ నిండి ఉండాలంటే 8,760 గంటలు కావాలి. ఒక ఉద్యోగి జీతపు గంటలు 2,080. అందులోంచి సెలవులు, జబ్బు, శిక్షణ, కోర్టు హాజరు తీసేస్తే వీధిలో గడిపేవి సుమారు 1,750. భాగించి చూడండి, ఐదుగురు. కొత్తగా చేరినవాడు అకాడమీ ఆరు నెలలు, ఆపైన సీనియర్ పక్కన కూర్చునే నెలలు పూర్తి చేస్తే గానీ ఒంటరిగా కారెక్కడు. అంటే ఈరోజు ఖాళీ అయిన సీటుకు మనిషి దొరికినా అది నిండేది వచ్చే ఏడాదే. 2022లో ఫెయిర్‌ఫాక్స్ పోలీసు శాఖ సిబ్బంది ఎమర్జెన్సీ ప్రకటించి తప్పనిసరి ఓవర్‌టైమ్ పెట్టింది. ఓవర్‌టైమ్ అంటే ఉన్నవారినే పిండటం. పిండినకొద్దీ మానేసేవారు పెరుగుతారు.

ఆ తక్కువ సీట్లను అన్నిటికంటే ఎక్కువసేపు మింగేది దొంగతనం కాదు, మానసిక ఆరోగ్యం. తనకు గానీ ఎదుటివారికి గానీ హాని చేసుకునే స్థితిలో ఉన్న మనిషిని వర్జీనియా చట్టం కింద అత్యవసర కస్టడీలోకి తీసుకుంటే, పరీక్ష జరిగి ఆస్పత్రిలో మంచం దొరికేదాకా 8 గంటల వరకు పక్కన ఒక అధికారి ఉండాలి. ఈ 8 గంటల వెనక ఒక విషాదం ఉంది. 2013 నవంబరులో రాష్ట్ర సెనేటర్ క్రీ డీడ్స్ కొడుకును ఇలాగే కస్టడీలోకి తీసుకున్నారు. అప్పటి గడువు ఆరు గంటలు. మంచం దొరక్క గడువు ముగిసి ఇంటికి పంపేశారు. మర్నాడు ఉదయం అతను తండ్రిని కత్తితో పొడిచి, ఆపైన తన ప్రాణం తానే తీసుకున్నాడు. 2014లో చట్టం మార్చి గడువు పెంచారు, ఎక్కడా మంచం దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆస్పత్రి తీసుకుని తీరాలన్నారు. మంచి ఉద్దేశమే. కానీ మంచాలు పెరగలేదు. ఆస్పత్రులు కిక్కిరిసి 2021 జులైలో రాష్ట్రం తన ఎనిమిది వయోజన ఆస్పత్రుల్లో ఐదింటిలో కొత్త చేరికలు కొన్నాళ్లు ఆపేసింది. ఆ భారం ఎటు పోయింది? ఎమర్జెన్సీ గది కారిడార్‌లో కుర్చీ వేసుకుని కూర్చున్న గస్తీ పోలీసు మీదికి. ఆ కారు తిరగాల్సిన వీధుల్లో ఆ రాత్రి కారు లేదు.

2022 జులై నుంచి మానసిక సంక్షోభాల కోసం 988 నంబరు పనిచేస్తోంది. మానసిక సంక్షోభంలో ఉన్నవారి దగ్గరికి నిపుణుణ్ని కూడా పంపాలన్న మార్కస్ అలర్ట్ చట్టం 2020లోనే వచ్చింది. ఫెయిర్‌ఫాక్స్ పోలీసుతో పాటు కౌన్సిలర్ కూర్చునే జంట బృందాలను నడుపుతోంది. ఈ ఖర్చుల్లో నాకు బేరం లేకుండా నచ్చేది ఇదే. ఎందుకంటే అక్కడికక్కడే మాట్లాడి ఆస్పత్రి అవసరం లేదని తేల్చగలిగిన ప్రతిసారీ ఒక గస్తీ సీటు తిరిగి వీధికి వస్తుంది. 911కు చేసేటప్పుడే "మానసిక సమస్య, ఆయుధం లేదు, శిక్షణ ఉన్నవారిని పంపండి" అని చెప్పడం కుటుంబం చేయగల పని. చెప్పని ఇంటికి మామూలు గస్తీ కారే ముందుగా చేరుతుంది. పరువు పోతుందని "కింద పడ్డాడు" అని దాచి చెబితే, లోపలికి అడుగుపెట్టినవారు దేనికీ సిద్ధంగా ఉండరు.

తప్పు జరిగితే ఎవరిని అడగాలన్నదీ అతుకుల దగ్గరే తెగిపోతుంది. 2013లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఇంటి గుమ్మంలో చేతులెత్తి నిలబడిన నిరాయుధుణ్ని ఫెయిర్‌ఫాక్స్ అధికారి కాల్చి చంపాడు. దాదాపు ఏడాదిన్నర పాటు కౌంటీ ఆ అధికారి పేరు కూడా బయటపెట్టలేదు. చివరికి 29.5 లక్షల డాలర్ల పరిహారం, అధికారి నేరాంగీకారం, దాని ఫలితంగా 2016లో స్వతంత్ర ఆడిటర్, పౌరుల సమీక్షా సంఘం. గీత దాటి లౌడన్‌కు వెళ్తే ఈ ఏర్పాటు పెట్టడానికి బోర్డు చేతిలో మార్గం లేదు. 2020 చట్టం పౌర పర్యవేక్షణ సంఘాలకు అధికారాలిచ్చినప్పుడు షెరీఫ్‌లను మినహాయించింది. షెరీఫ్ నేరుగా ఓటర్లకు జవాబుదారీ అన్నది వాదన, నాలుగేళ్లకొకసారి. ఇంకో అంచున, 2017 నవంబరులో ఇద్దరు పార్క్ పోలీసులు ఇదే కౌంటీ వీధిలో 25 ఏళ్ల అకౌంటెంట్‌ను కాల్చారు, అతను తర్వాత చనిపోయాడు. వెనకాలే వచ్చిన కౌంటీ పోలీసు కారు కెమెరాలో అంతా రికార్డయింది. కౌంటీ చీఫ్ ఆ వీడియో విడుదల చేయబట్టి జనం చూశారు. ఫెడరల్ న్యాయశాఖ కేసు వద్దనుకుంది, కౌంటీ ప్రాసిక్యూటర్ 2020లో అభియోగం మోపారు, 2021లో ఫెడరల్ జడ్జి కొట్టేశారు. విధి నిర్వహణలో అవసరమైన, తగిన పనే చేశారు కాబట్టి ఆ ఫెడరల్ అధికారులను రాష్ట్ర చట్టం కింద విచారించడానికి లేదన్నది తీర్పు. వీధి కౌంటీది, సాక్ష్యం కౌంటీది, తీర్పు చెప్పే హక్కు మాత్రం కాదు.

వీటన్నిటికీ డబ్బిచ్చేది ప్రధానంగా ఇంటి పన్ను. ఫెయిర్‌ఫాక్స్‌లో 2025 ఆర్థిక సంవత్సరానికి అది వంద డాలర్ల విలువకు 1.125 డాలర్లు ఉండేది. ఫిబ్రవరిలో ప్రతిపాదన వస్తుంది, ఏప్రిల్‌లో బహిరంగ విచారణ, మేలో ఆమోదం, జులై 1 నుంచి అమలు. కొత్త ఫైర్ స్టేషన్‌కు రిబ్బన్ కత్తిరించే ఫొటో ఉంటుంది. 911 కేంద్రంలో ఖాళీ కుర్చీ నిండితే ఫొటో ఉండదు. తెలుగు సంఘాలు స్కూలు సరిహద్దుల మీద బోర్డు సమావేశాలను నింపేస్తాయి. ఏప్రిల్ విచారణలో మాత్రం ఎన్ని కాల్స్ 15 సెకన్లలోపు ఎత్తారు, ఎన్ని పక్క కౌంటీకి మళ్లించాల్సి వచ్చింది, తెలుగు అనువాదకుడు లైన్‌లోకి రావడానికి సగటున ఎంత పట్టింది అని అడిగే గొంతులు అరుదు. ఈ మూడు అంకెలూ ఆ గదిలోని కంప్యూటర్లలో ప్రతి షిఫ్టుకూ నమోదవుతూనే ఉంటాయి.